మనీప్లాంటును కుళ్లబెట్టింది నువ్వే

నా పనిని నీ పని అని చెప్పుకుని చర్చిలో సాక్ష్యం ఇచ్చావు యోహానన్నా. నీ తప్పును నా నెత్తిన రుద్దావు. బాగున్నావా అని అడగను. బాగానే ఉంటావు.

నిన్న ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే అమ్మ మురిసిపోతూ చెప్పింది. "మీ అన్న ఆదివారం నిలబడి సాక్ష్యం చెప్పిండు బిడ్డా. పట్నంల చెట్టు సస్తుంటే ప్రార్థన చేసి రోగం కనిపెట్టిండంట. నువ్వే నీళ్లు మస్తు పోసి ఖరాబ్ చేసినవంట గదా, ఏందే గట్ల చేసినవ్?"

జూలూరుపాడు దగ్గర నర్సరీ పెడుతున్న సంఘపెద్ద అక్కడికక్కడే నిన్ను పనిలోకి రమ్మన్నాడట. ఆ పని దొరికితే ఇంటికి వచ్చేస్తానని నేను ఆరు నెలలుగా అంటున్నది నీకు తెలుసు. తెలిసే చేశావు.

ఇద్దరం ఇక్కడ ఆఫీసుల్లో కుండీలు చూసే పనిలోనే ఉన్నాం కదా. మూడో అంతస్తు మనీప్లాంటుకు కింది ఆకులు పండితే "దూపైతుంది దీనికి" అని బకెట్‌తో పోశావు. ఇంకో నాలుగు పండితే ఇంకో బకెట్. మన వాకిట్లో ఎండాకాలం రెండు పూటలా పోసిన అలవాటు నీది. ఏసీ గదిలో మట్టి వారమైనా ఆరదన్నాను. "నువ్వెప్పుడు సదివినవే గీ సదువు?" అని అందరి ముందూ నవ్వావు.

చదవలేదు. చూశాను. నీళ్లు లేని ఆకు పెళుసుగా ఎండుతుంది, ఇది మెత్తగా వాలింది. వేలు గుచ్చితే రెండు గణుపుల లోతునా బురదే. పైకి అందంగా ఉన్న పింగాణీ కుండీకి అడుగున బొక్కే లేదు. దాని లోపల పెట్టిన మొక్క కుండీ మురుగునీళ్లలో కూర్చుంది. మొక్కను తీస్తే వేళ్లు నల్లగా జారిపోయాయి, ఒకటే కంపు. అప్పటికే నువ్వు సెలవు పెట్టి ఊరికి పోయావు, ఇంకా తిరిగి రాలేదు. కుళ్లిన వేళ్లు కోసి, ఇసుక కలిపిన కొత్త మట్టిలో పెట్టి, కిటికీ పక్కకు మార్చింది నేను. మూడు వారాలకు కొత్త ఆకు విచ్చుకుంటే, సంబరంగా నీకు ఫోన్‌లో చెప్పింది కూడా నేనే. నా బుద్ధి తక్కువ.

ఇక్కడ వాన ఆగడం లేదు. నీ అంతస్తుల పని కూడా నేనే మోస్తున్నాను. హాస్టల్ పప్పులో పప్పు కనపడదు, మాట్లాడే దిక్కు లేదు. అమ్మకు మాత్రం బాగా తింటున్నానని చెప్పు. ఆమె మోకాళ్లకు దవాఖానాకు తీసుకుపో. ఆమె మీద నాకు కోపం లేదు.

అమ్మకు, పాస్టరయ్యకు వందనాలు. నీకు లేవు.

ఉత్తరం అందాక వచ్చే ఆదివారమే అదే చోట నిలబడు. కుళ్లబెట్టింది నువ్వని, బతికించింది నేనని చెప్పు. ఆ పని నాకిమ్మని పెద్దాయనను అందరి ముందూ అడుగు. లేదంటే పై ఆదివారం నేనే బస్సు దిగుతాను. ఆకులు పండిన మొక్కనొకదాన్ని తెచ్చి చర్చి వాకిట్లో పెట్టి, ఎందుకు పండిందో చెప్పమని నిన్నే అడుగుతాను.

సోమవారం పోస్టులో వేస్తే గురువారానికి అందుతుంది. ఆ ఆదివారం దాటాక శుక్రవారం వరకే నీ కబురు కోసం ఆగుతాను.

మార్త