కింద పెట్టిన కప్పు

బిదియా ఇసుకతిన్నెలు,
షవ్వాల్ ఇరవై

ప్రియమైన ఖల్ఫాన్ అన్నయ్యకు,

నీ చెల్లెలు జువైనా సలాములు. ఫోను చేస్తే నా పేరు చూసి ఎత్తవు. అందుకే బడి వదిలాక ఎన్నడూ పట్టని కలం ఇవాళ పట్టాను. వచ్చే నెలలో హజ్‌కి వెళ్తున్నాను. తోడబుట్టినవాడి మనసు విరిచి అక్కడ ఏ మొహంతో నిలబడను? నన్ను మన్నించు. దేనికో అంతా ఇప్పుడే రాయలేను.

ఐదేళ్ల కిందట, అమ్మ పోయిన ఏడాదే, అమ్మ పాకలోకి ఎడారి చూడొచ్చే పరదేశీలను రానిచ్చాను. "అమ్మ కాఫీ అమ్ముకుంటున్నావే!" అని అరిచి సూర్ రేవుకి తిరిగి వెళ్ళిపోయావు. మళ్ళీ రాలేదు. పక్క పాక హమ్దాన్ పొద్దున్నే సూర్ నుంచి ఆ పరదేశీలను జీపులో తెస్తాడు. తిన్నెలు ఎక్కించి దించుతాడు, ఒంటె ఎక్కిస్తాడు, మధ్యలో నా దగ్గర కాఫీ, ఖర్జూరాలు. మధ్యాహ్నం నమాజు వేళకి మళ్ళీ సూర్‌లో ఉంటారు. హమ్దాన్ ఇచ్చేది పుచ్చుకుంటాను, కాదనను. కాఫీ మాత్రం అమ్మ పోసినట్టే పోస్తాను.

పరాయి మగవాళ్ళ మొహాలు చూడను, నీకు తెలుసుగా. కప్పులే చూస్తాను. చాలనుకుంటే కప్పు ఊపాలని వాళ్ళకి తెలియదు. ఒకాయనకి పదకొండు కప్పులు పోశాను పాపం. ఇంకొకాయన తాగకుండా కింద పెట్టేశాడు. అతిథి అలా పెడితే ఏదో అడగడానికి వచ్చాడని, ఇస్తామని మాటిచ్చేదాకా తాగడని కదా మన లెక్క! "ఏం కావాలో కనుక్కో" అంటే హమ్దాన్ వెళ్ళి అడిగొచ్చి పగలబడి నవ్వాడు. "ఏం లేదు పిన్నీ, మరుగుదొడ్డి ఎటని అడుగుతున్నాడు!" అప్పటినుంచి ఎవరు కప్పు కింద పెట్టినా పాక వెనక్కి చెయ్యి చూపిస్తున్నాను.

జవాబు హమ్దాన్ చేతికే ఇవ్వు.

నీ మాట కోసం చూసే
జువైనా

~

సూర్,
షవ్వాల్ ఇరవై మూడు

చెల్లెలు జువైనాకు,

ఉత్తరం అందింది. మన్నించాను. నిశ్చింతగా వెళ్ళిరా. ఆ పాకకి మాత్రం రమ్మనకు. రాలేను.

ఖల్ఫాన్

~

బిదియా,
షవ్వాల్ ఇరవై ఆరు

ప్రియమైన అన్నయ్యకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చల్లారిన కాఫీలా ఉంది. హమ్దాన్ ఏమన్నాడో తెలుసా? "మామ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి పంపాడు. మీ ఇంట్లో మర్యాదంతా నీకొక్కదానికే పంచారా పిన్నీ?" నవ్వాను గాని నవ్వు నిలవలేదు. నువ్వొచ్చి నా చేతి కాఫీ తాగితేనే మన్నించావని నమ్ముతాను. వచ్చే నెల, జుల్ ఖాదా పదిహేనున నా ప్రయాణం.

నీ
జువైనా

~

సూర్,
జుల్ ఖాదా ఎనిమిది

ప్రియమైన చెల్లెమ్మకు,

నిన్న నీ పాకకి వచ్చాను. నీకు చెప్పనని హమ్దాన్ చేత ఒట్టు వేయించుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక తొడగని ప్యాంటు తొడిగి, నల్లకళ్ళద్దాలు పెట్టి, మొహానికి గుడ్డ చుట్టి, నలుగురు ఇటలీవాళ్ళ మధ్య కూర్చున్నాను. తిన్నె మీంచి జీపు జారుతుంటే వాళ్ళు కేకలు వేశారు. నేను కళ్ళు మూసుకున్నాను, పాక కనబడుతుందని.

నువ్వు కుడిపక్క నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరికీ కప్పు అడుగు తడిసేంతే పోశావు. అచ్చం అమ్మే. అమ్ముకుంటున్నావని అన్న నా నోరు పడిపోవాలి. నిజానికి అదంతా సాకు. అమ్మ చివరి వారమంతా నువ్వు కబురు మీద కబురు పంపావు. రేవులో ఓడల పనుందని ఆగాను. వచ్చేసరికి పాక ఖాళీ. ఆ ఖాళీలో నిలబడలేక నీ మీద అరిచాను. మన్నించాల్సింది నువ్వు, నేను కాదు.

అది అడగడానికే కాఫీ తాగకుండా కప్పు నీ ముందు కింద పెట్టాను. నువ్వు తలెత్తలేదు. నెమ్మదిగా పాక వెనక్కి చెయ్యి చూపించావు. లేచి, వెనక్కి వెళ్ళి, అక్కడే నిలబడి ఏడ్చాను.

నేనడిగింది ఇంకా నీ ముందే ఉంది.

నీ అన్న
ఖల్ఫాన్

~

బిదియా,
జుల్ ఖాదా పది

ప్రియమైన అన్నయ్యకు,

ముందు నవ్వొచ్చింది, అల్లా క్షమించాలి. తర్వాత ఎంతసేపు ఏడ్చానో తెలియదు. హమ్దాన్‌ని నిలదీశాను. "చూస్తూ ఊరుకున్నావేంరా?" అంటే, "ఒట్టు పిన్నీ! పైగా మామ అంత తొందరగా వెళ్తుంటే నిజంగానే వెళ్ళాలేమో అనుకున్నాను" అన్నాడు.

ఇప్పుడు నా తప్పు విను. హజ్‌కి ముందు దింపుకోవలసిన బరువు ఇదే. అమ్మ ఆఖరి రోజు నా చెయ్యి పట్టుకుని, "ఖల్ఫాన్ వచ్చి కప్పు కింద పెడతాడు. వాడి చేత అడిగించుకోకు. అమ్మ ముందే ఇచ్చేసిందని చెప్పు" అంది. చెబుదామనుకున్న రోజే నువ్వు అరిచావు. ఉడుక్కుని ఆ మాట మింగేశాను. నీకు చెందిన మాటను ఐదేళ్ళు నా దగ్గరే ఉంచుకున్నాను, అన్నయ్యా.

రేపు జీపులో రా. ఆ ప్యాంటు వద్దు. ఈసారి ముందు మొహమే చూస్తాను. కప్పు కింద పెట్టకు, తాగు. నువ్వడిగిన మన్నింపు అమ్మ ఎప్పుడో ఇచ్చేసింది, నేను ఇప్పుడు ఇస్తున్నాను. నేనడిగింది నువ్వు ఇవ్వు.

ఈ కాగితాలు దాచుకో, ఎవరికీ చూపకు. వదినకి అసలే వద్దు. తోడబుట్టినవాడు కాళ్ళ దగ్గరికొస్తే మరుగుదొడ్డికి దారి చూపించానని సూర్ అంతా తెలియనక్కర్లేదు.

నీ చెల్లెలు
జువైనా