రెండు వేళ్లు చాలు

పేరు పెట్టకముందే వెళ్లిపోయిన నీకు,

ఇవాళ మా ఆత్మకూరు ఆసుపత్రిలో నీలాగే ఏడో నెలకే ఒక పాప పుట్టింది. ఊపిరి తీసుకోలేదు. ముఖానికి మాస్కు పెట్టి గాలి బ్యాగు నొక్కుతున్నాను. సీతారామపురం నుంచి వచ్చిన వాళ్ల అవ్వ నా భుజం పట్టి కుదిపింది.

"ఏందమ్మా ఆ నొక్కడం? గట్టిగా నొక్కు! బిడ్డ నీలంగా ఉండాది!"

మూడేళ్ల కిందట మీ అవ్వ కూడా ఇదే మాట అంది. అప్పుడు నేను కొత్త నర్సుని, భయపడి పిడికిలంతా బిగించి నొక్కాను. నీ లేత ఊపిరితిత్తి పగిలింది. రొమ్ము కాస్త లేస్తే చాలని, అందుకు బ్యాగుని రెండు వేళ్లతో నొక్కితే చాలని నాకు ఆ తర్వాతే నేర్పారు.

ఇవాళ ఈ అవ్వ మాట నేను వినలేదు, రెండు వేళ్లతోనే నొక్కాను. కాసేపటికి పాప ఒళ్లు ఎర్రబడింది. డాక్టరమ్మ బ్యాగు నొక్కుకుంటూనే పాపని జీపులో నెల్లూరు తీసుకెళ్లింది. కబురింకా రాలేదు.

ఒక చేత్తో నీకిది రాస్తున్నాను. రెండో చేతి రెండు వేళ్లు బల్లను నొక్కుతూనే ఉన్నాయి, మెల్లగా.