చక్రంలో నువ్వు చుట్టిన తీగ

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు సగంలో వదిలిన మూడు చక్రాల బండి పూర్తిచేశాను. మోటారు ముందుచక్రం లోపలే ఇమిడింది. తీగ చుట్టింది నువ్వు, బిగించింది నేను. అందుకే భయం.

ఇవాళ నీ కూతురు సువార్త దాన్ని కాలవ వంతెన ఎక్కిస్తానంది. ఎత్తులో తీగ కాలిపోతే బండి వెనక్కి జారి నీళ్లలో పడుతుంది. పోలియో కాళ్లతో పిల్ల దూకలేదు.

"నేను తోస్తానమ్మా," అన్నాను.

"ఆయ్, ఇన్నాళ్లూ తోసేరు కదండీ మావయ్యగారూ, చాలు."

నోరు నీదే. వెనకాలే నడిచాను. అమలాపురంలో సగం ఫ్యాన్లు నువ్వు చుట్టినవే, ఒక్కటీ కాలలేదని ధైర్యం చెప్పుకున్నాను. ఫ్యాను వంతెన ఎక్కదుగా! మధ్యలో బండి నెమ్మదించింది. ప్రార్థన ఒక్క ముక్కా గుర్తురాలేదు.

మొత్తానికి ఎక్కింది. పైన ఆగి, "నాన్నలా చెయ్యి పెట్టి చూడండి," అంది. జ్వరం చూసినట్టు ప్రతి మోటారునూ తడిమేవాడివి కదా. భయపడుతూనే పెట్టాను. గోరువెచ్చగా ఉంది బావా.

"ఇక తియ్యండి మావయ్యగారూ, దిగాలి," అనేదాకా తియ్యలేదు.

క్షేమంగానే దిగింది. రేపటినుంచి పాఠాలు చెప్పడానికి ఒక్కతే బడికి వెళ్తుందట. నువ్వు చుట్టిన తీగే, కాస్త చూస్తూ ఉండు.