దాసుగారి తిథి

జహీరాబాద్, 9-1-1979

అన్నయ్యకు,

నేను బాగానే ఉన్నాను, దగ్గు తగ్గింది, బెంగపడకు. వేణుదాసుగారి జీవితం, కృతుల మీద మేం కూరుస్తున్న కోశానికి ఆయన పోయిన తిథి దొరికింది. శిష్యుడు కట్టిన ఒక కీర్తన చివరి చరణంలో మాఘ బహుళ సప్తమి అని స్పష్టంగా ఉంది. ఆయన పండరిపురం దారిలో పోతే, ఇంటివాళ్లు కబురందిన త్రయోదశినే పట్టుకుని ఇప్పటిదాకా తద్దినం పెడుతున్నారు. సంతోషిస్తారనుకుని ఈ మాట ఆయన మనుమడి భార్య రత్నమ్మగారికి చెప్పాను. ఆవిడ నాకివ్వబోయిన మజ్జిగ గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయారు.

"అయితే గిన్నేండ్ల సంది తాత ఒచ్చిన దినం మా ఇంట్ల ఆయనకు ముద్ద పెట్టినోళ్లు లేరు. ఉపాసమే మళ్లిపోయిండు" అన్నారు.

కబురందిన తిథికి పెట్టినా శాస్త్రం ఒప్పుకుంటుందని ఏదో చెప్పబోయాను. ఆవిడ వినలేదు. ఆ పుట అచ్చుకు వెళ్లిపోయింది. వెళ్లకపోయినా సప్తమి అనే ఉంచేవాణ్ణి.

ఇక్కడ చలి బాగా ఉంది, నా ఉన్ని శాలువా పార్సెల్ చెయ్యి. వంటింటి పెంకులు సర్దించావా? అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి?

నాన్న మద్రాసు ఆస్పత్రిలో పోయినప్పుడు మనకు టెలిగ్రాం ఆలస్యంగా అందింది కదా. మనం తద్దినం పెడుతున్నది ఆయన పోయిన తిథికా, టెలిగ్రాం అందిన తిథికా? నీకు తెలిస్తే వెంటనే రాయి. తెలియకపోతే ఈ కార్డు అమ్మకు చదివి వినిపించకు. ఆమె పాదాలకు నా నమస్కారాలు మాత్రం చెప్పు.

నీ తమ్ముడు,
పురుషోత్తం