ఆరో సబ్జెక్టు

చిట్టితల్లికి,

నీ క్షేమం కోసం రోజూ మోకరించే నాన్న రాసేది. నీ ఉత్తరం, అందులో మడతపెట్టి పంపిన ఫారం రెండూ అందాయి. డిపోలో బస్సు కింద పడుకుని పని చేస్తుంటే తెచ్చి ఇచ్చారు. అక్కడే, ఇంజనాయిలు బొట్టు బొట్టుగా మీద పడుతుంటే చదివాను. ఆరు సబ్జెక్టులు మొయ్యలేకపోతున్నానని, ఉన్నత భౌతికశాస్త్రం వదిలేస్తానని, ఏడాదిగా తీరిక వేళల్లో నేర్చుకుంటున్న సైగల భాషను ఆ గంటల్లో మీ బడి ఎదురువీధిలోని బధిరుల పాఠశాలకు వెళ్లి పూర్తిగా నేర్చుకుంటానని రాశావు. దానికి తండ్రి సంతకం కావాలట. పెట్టను.

ఎందుకు పెట్టనో చెప్పాలంటే నీకెప్పుడూ చెప్పని సంగతి చెప్పాలి. భిన్నాల లెక్కలు మొదలైన వారమే నాకు బడి ఆగిపోయింది. ఈనాటికీ నాకు భిన్నాలు రావు. ఇరవై దాటాక బైబిలు ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, మరిచిపోయిన చదువు మళ్లీ నేర్చుకున్నాను. టైర్ల కొట్టు మీది అద్దె హాల్లో నలభై మందికి వాక్యం చెబుతున్నాను. మొన్నటి పెద్ద సభలో పట్టాలున్న బోధకులు వేదికెక్కారు. నన్ను పిలవలేదు. భోజనాల దగ్గర ఒకాయన, "మన గ్రీజు పాస్టరుగారొచ్చారు, కుర్చీ మీద పేపరెయ్యండి" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మీ అమ్మకు కూడా చెప్పలేదు.

నీ ఆరు సబ్జెక్టులు నాకు ఆరు తలుపులు. ఒక్కటి కూడా నా చేత్తో మూయను. సైగలకు మార్కులున్నాయా? పట్టా ఇస్తారా? బరువు, బరువు అంటావు. పూర్వం ఒకాయన ఏటి ఒడ్డున దేవదూతతో పెనుగులాడాడు. తుంటి కీలు తప్పినా, దీవించేదాకా పట్టు వదల్లేదు. నువ్వూ వదలకు. ఫారం నా పెట్టెలో ఉంది. అక్కడే ఉంటుంది.

నీ మేలు తప్ప మరొకటి కోరని,
నాన్న

*

నాన్నగారికి,

మీ కూతురు ధైర్యం కూడగట్టుకుని రాసేది. ఆయన పెనుగులాడింది ఒక్కరితో నాన్నా. ఆరుగురితో కాదు.

పోయిన వారం రసాయనశాస్త్రం ల్యాబులో నిలబడే నిద్రపోయాను. చేతిలోని గాజు గొట్టం జారితే పక్కమ్మాయి పట్టుకుంది. "ఏమ్మా, దిండు తెప్పించమంటావా?" అన్నారు టీచరు. క్లాసంతా నవ్వింది. తర్వాత ఆవిడే నన్ను విడిగా పిలిచి, "అయిదు తీసుకుంటే అయిదూ నిలబెడతావు. ఆరు తీసుకుంటే ఎన్ని మిగులుతాయో నేను చెప్పలేను" అన్నారు. ప్రధానోపాధ్యాయురాలు మాత్రం, "మానేస్తే ఆ సైగలు మానెయ్. అది సబ్జెక్టు కాదు, కాలక్షేపం" అన్నారు. సరిగ్గా మీరన్నట్టే.

మీకు బడి లేక సొంతంగా నేర్చుకున్నారు. నాకు బడి ఉండి కూడా ఒక్కటి సొంతంగా నేర్చుకోవాలనుంది. ఈ బుద్ధి ఎవరిదో మీకు తెలియదా? వాక్యం మీ సొత్తే కాదు, నేనూ చదివాను. ఎడారిలో అంత జనానికీ ఒక్కడే పొద్దున్నుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతుంటే, మామగారొచ్చి చూసి, ఇది నీకు మించిన భారం, నలిగిపోతావు అన్నారు. అల్లుడు విన్నాడు. ఇన్నేళ్లలో ఆ అధ్యాయం మీద మీ ప్రసంగం ఒక్కటీ నేను వినలేదు.

ఇంకొకటి. మన హాల్లో ముందు వరుసలో కూర్చునే ఇస్త్రీ పెద్దమ్మకు చెవులు వినపడవు, సైగలతోనే మాట్లాడుతుంది కదా. ఎనిమిదేళ్లుగా వస్తోంది. మీరు చెప్పేది ఆవిడకెంత అందుతోందో ఎప్పుడైనా అడిగారా? నేను సైగలు మొదలుపెట్టింది ఆవిడ కోసమే. మీరు సంతకం పెట్టకపోతే ఆరూ మోస్తాను, ఆరింట్లోనూ తప్పుతాను. సైగలు మాత్రం మానను.

మీ మొండితనమే పుణికిపుచ్చుకున్న,
మీ కూతురు

*

నా తల్లికి,

ఫారం పంపుతున్నాను. సంతకం పెట్టాను. ఎలా పెట్టానో విను.

నీ మీద గెలుద్దామనే ఇస్త్రీ ఆవిడ కొట్టుకు వెళ్లాను. ఆవిడ నా పెదవులు చూసి అంతా గ్రహిస్తుందని సంఘంలో ఎన్నిసార్లు సాక్ష్యం చెప్పానో నీకు తెలుసు. ఒక కాగితం మీద, "నా ప్రసంగాల్లో మీకు బాగా నచ్చిందేది?" అని రాసిచ్చాను. ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టి, తాపీగా రాసింది: "మీ మీసం అడ్డం. ఒక్క ముక్కా తెలియదు. పాటలప్పుడు బెంచీ అదురుతుంది. అందుకే వస్తాను."

ఎనిమిదేళ్లు. వారానికి గంటన్నర. గొంతు పోయేలా అరిచాను. మీ అమ్మకు ఆ కాగితం చూపిస్తే, కూర తరుగుతున్న కత్తి కింద పెట్టి మరీ నవ్వింది. "పెళ్లైన కాణ్ణుంచీ మొత్తుకుంటున్నా ఆ మీసం తీసెయ్యమని. నా మాట వింటేగా" అంది.

సైగలకు మార్కులున్నాయా, పట్టా ఇస్తారా అని నిన్ను అడిగానే, అవి నా మాటలు కావు. నా కుర్చీ మీద పేపరు వేయించినవాళ్ల మాటలు. వాళ్ల ముందు మింగిన అవమానాన్ని తెచ్చి, సొంత బిడ్డ మీద కక్కాను. దేవుడి ముందు ఒప్పుకున్నాను. నీ ముందూ ఒప్పుకుంటున్నాను. అయిదు చదువు. కడుపునిండా నిద్రపో.

కానీ మీ ప్రధానోపాధ్యాయురాలి సంగతి తేలలేదు. కాలక్షేపం అందిగా. డిపోలో సెలవు పెట్టాను. గురువారం పొద్దున్నే వస్తున్నాం, నేనూ ఇస్త్రీ ఆవిడా. ఆమె తన చేతులతో అడగాల్సినవి అడుగుతుంది. నువ్వు అర్థం చెప్పు. మేడమ్‌గారు జవాబు చెప్పుకోవాలి. నేనో పక్కన కుర్చీలో కూర్చుంటాను. నోరు విప్పను.

మీసం తీసేసిన,
నీ నాన్న