వచ్చిన తొవ్వనే

అన్నా,

నీకూ వదినకూ సలాం. నీ మోకాలు ఎలా ఉంది? పిల్లలు పండుగకు కొత్త బట్టలు వేసుకున్నారా? ఇబ్రహీంపట్నంలో మేం బాగానే ఉన్నాం. ఫికర్ చేయకు.

ఎండలు అప్పుడే ముదిరాయి. మన్నెగూడ నుంచి శేరిగూడ కాలేజీల దాకా ఆటో నడుపుతూనే రంజాన్ రోజాలన్నీ ఉన్నాను. పొద్దుగూకే వేళ ఆటో పక్కకు ఆపి ఒక్కణ్ణే ఖర్జూరం నోట్లో వేసుకున్నప్పుడు మాత్రం మీరంతా గుర్తొచ్చేవారు.

పండుగ పొద్దున నీ మరదలు రహీమా పక్కింటి యాదమ్మకు షీర్ ఖుర్మా పంపింది. యాదమ్మ ప్లాట్ల పనికి కూలికి పోతుంది. గిన్నె అందుకుని, "నమాజ్ అయినంక మీ అమ్మ కాడికి పోతవా తమ్మీ?" అని నన్నడిగింది. పోతానన్నాను. ఇంకేదో అనబోయి లోపలికి వెళ్లిపోయింది.

ఈద్గాకు ఒక దారిన పోయి ఇంకో దారిన ఇంటికి వస్తాం కదా. ఇక్కడ ఆ రెండో దారి ఖబరస్తాన్ మీదుగా వస్తుంది. అమ్మ ఉన్నది అక్కడే. పోయినేడు నువ్వు మంచంలో ఉండి మట్టి వేయడానికి రాలేకపోయావు. బదులుగా మనింటి మల్లె అంటు పంపావు, నేను ఆమె తలాపున నాటాను. అది బాగా పట్టింది.

నమాజ్ అయ్యాక అందరం అలాయ్ బలాయ్ తీసుకుని ఇటు తిరిగేసరికి ఆ దారికి అడ్డంగా రేకుల గోడ, గేటు. గేటు ముందు ఎవరో కొత్త మనుషులు. వాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు. నవ్వుతూ ఈద్ ముబారక్ చెప్పారు. గేటు మాత్రం తీయలేదు.

మసీదు పెద్ద లతీఫ్ చాచా, "ఇయ్యాల పండుగ, లొల్లి వద్దు. వచ్చిన తొవ్వనే పోదాం" అన్నాడు. అంతమందిమి కొత్త బట్టలతో వెనక్కి నడిచాం. నాకు భయం వేసింది అన్నా. రేపు ఎమ్మార్వో ఆఫీసుకు పోయి అడుగుదామని చాచా అంటున్నాడు. ఆయన గొంతులోనూ బలం లేదు.

సాయంత్రం యాదమ్మ గిన్నె తిరిగి తెచ్చింది. పండుగ గిన్నె ఖాళీగా ఇవ్వరు కదా, చక్కెర పోసి ఉంటుందనుకుని రహీమా చేయి చాచింది. గిన్నెలో తడిమట్టి, వేళ్లతో సహా మల్లె మొక్క.

"గోరీల నడుమ హద్దురాళ్లు పాతుతున్నరు. నిన్న చెట్లన్నీ మాతోనే పీకిపిచ్చిండ్రు. గిది మీ అమ్మదని నాకెరుకే తమ్మీ, పారేయబుద్ధి కాలే" అని ఏడ్చింది.

మొక్కను గిన్నెలోనే ఉంచి నీళ్లు పోస్తున్నాను. బక్రీద్‌కు వస్తానన్నావు, అప్పటిదాకా ఆగకు. కర్ర పట్టుకునైనా ఈ వారమే రా. అమ్మ ఎక్కడుందో నీకు చేత్తో చూపించాలి.

పెద్దలందరికీ సలాం చెప్పు. మాకోసం దువా చేయండి.

నీ తమ్ముడు,
ఖాసిం