ఎస్తేర్ బామ్మ శుక్రవారం

కొండాపూర్,
ఆదివారం పొద్దున.

చిరంజీవి వాసంతికి మీ అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బాపు, మన ఇంట్లో అద్దెకుండే హాస్టల్ పిల్లలు అందరం బాగున్నాం. నువ్వూ, నువ్వు చూసుకుంటున్న ఎస్తేర్ బామ్మా ఆ మాంచెస్టర్ చలిలో సుఖంగా ఉన్నారని అనుకుంటున్నాను. అనుకుంటున్నానంటే నమ్ముతున్నానని కాదు. మొన్న ఫోన్‌లో రెండుసార్లు దగ్గావు. అడిగితే గొంతులో ఏదో పడిందన్నావు. రెండుసార్లూ పడుతుందా? మిరియాల పాలు తాగు, నా మాట విను.

ముందు నువ్వడిగినవాటికి జవాబు చెబుతాను. బీపీ గోలీలు మరిచిపోకుండా వేసుకుంటున్నాను. మీ బాపు మోకాలు అట్లాగే ఉంది. మెట్లెక్కవద్దంటే నీళ్ళ ట్యాంకు చూసి వస్తానని రోజూ పైకి పోతాడు. కింద గదిలోకి కొత్తగా వచ్చిన రాజమండ్రి పిల్ల రసజ్ఞ మంచిదే, మనిషిని చూస్తే చాలు అండీ అంటుంది. కరీంనగర్ వర్షిత నీకు తెలిసిందే. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేందవ్వా అని నవ్వుతోంది. నువ్వు నా ఉత్తరం చదువుతుంటే బామ్మ కళ్ళు మూసుకుని వింటుందనీ, చిన్నప్పుడు లింగంపల్లిలో విన్న మాటల చప్పుడు మళ్ళీ విన్నట్టుందని అంటుందనీ రాశావు కదా. అందుకే నా వంకర రాతలోనే రాస్తున్నాను. ఎక్కడైనా తెలియకపోతే బామ్మను అడగకు, నన్నడుగు.

ఇక అసలు సంగతి. బామ్మ మనవరాలు హన్నా టీచరు తన యూదుల బడి పిల్లలను వెంటబెట్టుకుని, వాళ్ళ పెద్దలు బతికిన ఊళ్ళు చూపించడానికి మన దేశం వస్తోందని నువ్వు రాసినప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ముంబై, కొచ్చి సరే, మధ్యలో మన ఇంటికెందుకు? బామ్మ తండ్రి లింగంపల్లి స్టేషన్ మాస్టరు కాబట్టి స్టేషన్ చూస్తారు, అక్కడినుంచి నీ దగ్గరికి వచ్చి కాసేపు కూర్చుంటారు అన్నావు. పైగా, మా అమ్మ ఉంది, మీ నియమాలేవీ చెడనివ్వదు అని వాళ్ళకు మాటిచ్చావు. ఆ ఇంట్లో నిన్ను సొంత మనిషిలా చూస్తారు. నా చేతిలో ఏదైనా చెడితే రేపు నువ్వు బామ్మ ముందు తలెట్లా ఎత్తుకుంటావు? నాకున్న భయమంతా అదే.

మన గిన్నెల్లో వండినది తినరని రాశావు కాబట్టి పొయ్యి జోలికే పోలేదు. జామకాయలు, కమలాలు, రేగుపళ్ళు తెప్పించి పెట్టాను. మొన్న శుక్రవారం మధ్యాహ్నం వస్తామన్నవాళ్ళు సాయంత్రం టీల వేళకు వచ్చారు. పన్నెండు మంది ఆడపిల్లలు, హన్నా, ఇంకో టీచరమ్మ. అందరికీ పొడుగు లంగాలు, పొడుగు చేతులు. ముఖాలు మాత్రం వాడిపోయి ఉన్నాయి. ఎందుకంటే స్టేషన్‌లో వాళ్ళకు ఏమీ కనబడలేదు. బామ్మ చెప్పిన రెండు గదుల క్వార్టరు లేదు, పట్టాల పక్కన వేపచెట్టు లేదు. బండ్లు పెట్టుకునే జాగా ఉందట, ఆ వెనుక అపార్ట్‌మెంట్లట. ఎర్ర జుట్టు పిల్ల ఒకటి, లియా అని పేరు, మూతి ముడుచుకుని కూర్చుంది. ఇంత దూరం వచ్చింది కార్లు చూడడానికా అంటోందని వర్షిత చెప్పింది. జామకాయల పళ్ళెం ఆ పిల్ల ముందుకు జరిపాను. ఆ క్వార్టరు కూల్చింది నేనేనన్నట్టు.

రేగుపళ్ళు చూశాక కాస్త తేరుకున్నారు. ఒక్కొక్క పండునూ తమ చాకుతో విప్పి, పురుగు ఉందేమోనని వెలుతురులో పట్టి చూసి మరీ తిన్నారు. మనం ఇన్నేళ్ళు చూడకుండానే తిన్నాం వాసంతీ, ఇప్పుడు తలుచుకుంటే ఎట్లానో ఉంది.

ఇంతలో వాళ్ళ బస్సు డ్రైవర్ ఎల్లేశం చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

“అమ్మా, కొత్తగూడ కాడ్నే బందయింది. ఫ్లైఓవర్ మీద లారీ అడ్డం తిరిగింది. ఆఫీసు బస్సులన్ని ఒక్కసారే బయటికొచ్చినయ్. చీకటయ్యేదాకా కదలదు, రాసిస్త.”

వర్షిత చెప్పగానే హన్నా గడియారం చూసుకుంది, కిటికీలోంచి ఎండను చూసింది. వాళ్ళ హోటల్ సికింద్రాబాద్‌లో. శుక్రవారం పొద్దు గుంకితే వాళ్ళ విశ్రాంతి రోజు మొదలవుతుందనీ, మళ్ళీ శనివారం చుక్కలు పొడిచేదాకా బండెక్కరనీ నువ్వు చెప్పగా విన్నదే. ఇంగ్లండులో కూర్చుని లెక్క వేసుకున్నవాళ్ళకు మన శుక్రవారం సాయంత్రం రోడ్డు ఏం తెలుస్తుంది? పాపం, ఆమె నోరు తెరిచి అడగలేక నిలబడింది.

మీ బాపు లేచాడు. “ఉండమనవే. సోమారం గూడ సెలవని ఈ ఇద్దరు దప్ప పిల్లలందరు ఊళ్ళకు పోయిన్రు. మంచాలు ఖాళీగనే ఉన్నయ్ గద.”

“ఉండమంటే అయితదా? ఎవరి మంచం మీద ఎవరు పంటరు? వాళ్ళకు ఏమన్నయితే బిడ్డ మొఖం ఏం గావాలె?”

“నువ్వు పరేషాన్ గాకు. పిల్లలు రోడ్డు మీద పంటరా మరి?”

రసజ్ఞ ఊరికి పోయిన పిల్లలందరికీ ఫోన్లు చేసింది. “మీ మంచం మీద ఇంగ్లండ్ అమ్మాయి పడుకుంటుందండీ, ఫరవాలేదా?” అంటే ఒక్కరూ కాదనలేదు. ఒకమ్మాయి తన దిండు కింద చాక్లెట్లున్నాయి, తినమంది. అది కుదరదని చెప్పించాను. నా అదృష్టం కొద్దీ వాళ్ళ రెండు రోజుల తిండి బస్సులోనే డబ్బాల్లో ఉంది, దాన్ని వెచ్చగా ఉంచే కరెంటు పళ్ళెం కూడా. అది హాల్లో ప్లగ్గుకు పెట్టుకున్నారు. పొద్దు గుంకే ముందు హాల్లో బల్ల మీద వరసగా కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుని ఏదో చదివారు. ఆ వేళకే నేను వంటింట్లో నా శుక్రవారం దీపం పెట్టుకున్నాను. ఇటూ అటూ ఒకే గడియ. ఆ కాసేపు నాకు ఏ దిగులూ లేదు.

వాసంతీ, ఇక్కడినుంచి బామ్మకు చదవకు. నువ్వొక్కదానివే చదువుకో.

పిల్లలు ప్రార్థన చేసుకోవడానికి డాబా మీదికి పోయారు. నేను వంటింట్లోంచి బయటికొచ్చి చూద్దును కదా, మనిషి లేని హాల్లో అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. మెట్ల మీద, బాత్‌రూముల్లో, గదుల్లో, ఎక్కడ చూసినా లైట్లే. ఆ కరెంటు పళ్ళెం దగ్గర ఎర్ర దీపం. హాస్టల్ పిల్లలు పోతూ పోతూ లైట్లు వదిలేస్తే వెనకాలే ఆర్పుకుంటూ తిరగడం నాకు అలవాటే కదా. పిల్లలు ఎక్కడివాళ్ళయినా పిల్లలే అని గొణుక్కుంటూ ఒక్కొక్క స్విచ్చూ ఆర్పాను. ఆ ప్లగ్గు కూడా తీశాను, నిప్పంటుకుంటుందేమోనని. కొవ్వొత్తులను మాత్రం ముట్టలేదు, దీపం ఆర్పకూడదని.

నువ్వు తిండి గురించి నాలుగు పేజీలు రాశావు, లైట్ల గురించి ఒక్క ముక్కయినా రాశావా? వాళ్ళు రాత్రి ఉంటారని నీకూ తెలియదులే.

పిల్లలు గోడలు పట్టుకుని తడుముకుంటూ కిందికి దిగారు. హాలు గుమ్మంలో నిలబడిపోయారు. ఒక్కరూ స్విచ్చు దగ్గరికి పోరు. హన్నా నన్ను చూసి ఏదో అంది.

“అవ్వా, చీకటిగ ఉందంటున్నరు” అంది వర్షిత.

“చీకటిగుంటే లైటెయ్యమను.”

“ఎయ్యరట.”

“మరి నన్నెయ్యమంటున్నరా?”

“గట్ల గూడ అంటలేరు.”

“గట్లయితే నాకెందుకు చెప్తున్నరు? నాకు కండ్లు లేవా?”

రసజ్ఞ ఫోన్‌లో ఏదో వెతికి నోటి మీద చెయ్యి వేసుకుంది. “కిష్టమ్మగారూ, విశ్రాంతి రోజున వాళ్ళు స్విచ్చు ముట్టుకోకూడదటండి. వెయ్యమని మనల్ని అడగనూ కూడదట. అందుకే ముందే అన్నీ వేసి ఉంచుకున్నారండి. మనకోసం మనం వేసుకుంటే ఫరవాలేదట.”

మాటిచ్చింది నువ్వు, చెడగొట్టింది నేను. పరుగున పోయి మన పిల్లలకోసమని బాత్‌రూముల్లో, మెట్ల మీద లైట్లు వేశాను. హాలు స్విచ్చు మీద చెయ్యి పెట్టేసరికి హన్నా వెనకనుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కోపమేమో అనుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచి చూస్తే ఆమె నా వైపు చూడనే లేదు, గోడ వైపు చూస్తోంది.

కొవ్వొత్తుల వెలుగులో పిల్లల నీడలు గోడ నిండా ఇంతింత పొడుగున ఊగుతున్నాయి. హన్నా మెల్లగా చెబుతుంటే వర్షిత నాకు చెప్పింది. లింగంపల్లి క్వార్టరులో కరెంటు లేదట. శుక్రవారం రాత్రి ఇంట్లో తల్లి వెలిగించిన ఆ రెండు దీపాలే. అవి కొండెక్కేలోగా బామ్మ వాళ్ళమ్మ వేళ్ళతో గోడ మీద కుందేళ్ళనూ లేళ్ళనూ ఆడించేదట. బామ్మ ఈ కథ ఎన్నోసార్లు చెప్పినా, ఎప్పుడూ లైట్ల వెలుతురులోనే విన్నాం, ఎట్లా ఉండేదో ఇవాళే చూస్తున్నాం అందట.

అప్పుడు మీ బాపు ఏం చేశాడనుకున్నావు? మోకాలి సంగతి మరిచిపోయి ముందుకొచ్చి, రెండు చేతులూ కలిపి గోడ మీద కోడిపుంజును నిలబెట్టాడు. అది మెడ సాచి కూత కూసింది కూడా. పిల్లలు ఒకటే కేకలు. ఆ తర్వాత లియా ఒంటె చేసింది, రసజ్ఞ గోదావరి పడవ చేస్తున్నానంది కానీ అది చెప్పులాగా వచ్చింది. చీకట్లోనే నవ్వుకుంటూ తిన్నారు, పాటలు పాడారు. మన పిల్లలు కూడా ఫోన్లు పక్కన పడేసి చప్పట్లు కొట్టారు. లియా నా పక్కనే కూర్చుని ఏదో అంది.

“ఏందట?” అన్నాను.

“స్టేషన్ కాడ దొరకంది ఈడ దొరికిందట అవ్వా.”

ఆ పిల్ల తల నిమిరాను, అంతే.

అంతా తీరిందనుకోకు. ప్లగ్గు తీసినందుకు మర్నాటి కూర చల్లబడి గడ్డకట్టింది. మళ్ళీ వెచ్చబెట్టకూడదట. చిక్కుడుగింజలూ ఆలుగడ్డలూ మాంసమూ వేసిన కూర, అట్లాగే తిన్నారు. హన్నా నవ్వుతూనే తిన్నది, నేను మాత్రం లేచి వంటింట్లోకి పోయాను. శనివారం సాయంత్రం అందరం డాబా ఎక్కాం. మూడు చుక్కలు కనబడితే వాళ్ళ రోజు ముగుస్తుంది. మన టవర్ల వెలుతురులో చుక్కలు ఎక్కడ కనబడతాయి? “అగో అవ్వా చుక్క!” అని వర్షిత అరుస్తుంది, అది కదిలి పోతుంది. “అది ఇమానమే, శంషాబాద్ పోతున్నది” అని మీ బాపు. అట్లా నాలుగు విమానాలను చుక్కలనుకున్నాక అసలువి కనబడ్డాయి. ఆ రోజును సాగనంపుతూ చివర్లో సుగంధం వాసన చూడాలట. కొత్త పొట్లం విప్పి లవంగాలు ఇస్తే, ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని కళ్ళు మూసుకుని పీల్చారు.

ఇదంతా ఫోన్‌లో తాను చెప్పననీ, వాసంతి ఉత్తరం చదువుతుంటే నానమ్మ వినాలనీ హన్నా అంది. అందుకే పొద్దున్నే కూర్చున్నాను. ఇంతా రాశాక అనిపిస్తోంది, దాచి ఏం చేస్తాను? పైన వద్దన్నది కూడా బామ్మకు చదువు. కూర చల్లారిన సంగతి మాత్రం కాస్త మెల్లగా చెప్పు.

ఇంకొకటుంది, నిన్ను అడగకుండానే చేసేశాను. నిన్న రాత్రి బస్సెక్కే ముందు హన్నా ఏదో అడిగితే రసజ్ఞ చెప్పింది: “వచ్చే ఏడాది క్లాసు పిల్లల్ని కూడా ఇక్కడికే తీసుకొస్తారటండి. ఈసారి కావాలనే శుక్రవారం వస్తారట. హాల్లో లైట్లు వెయ్యకుండా ఉంచుతారా అని అడుగుతున్నారండి.” ఆలోచించేలోపే నా నోట రమ్మను అని వచ్చేసింది. ఆ పిల్లలంతా బస్సులోంచి చేతులూపుతుంటే నేనూ ఊపాను. బస్సు మలుపు తిరగగానే దిగులు పట్టుకుంది. అప్పుడు సోమవారం సెలవు రాకపోతే హాస్టల్ పిల్లలు ఊళ్ళకు పోరు కదా, మంచాలు ఎక్కడివి? “ఏడాదున్నదే, జర ఊపిరి పీల్చుకో” అంటాడు మీ బాపు. ఆయనకేం, ఆయన మాట్లాడతాడు.

నువ్వే బామ్మను అడుగు. పిల్లలను కింద చాపల మీద పడుకోబెడితే వాళ్ళ నియమానికి ఏమీ కాదు కదా? వెంటనే జవాబు రాయి, చాపలు ఇప్పటినుంచే చూసి పెడతాను.

ఇట్లు,
దగ్గు తగ్గిందో లేదోనని ఎదురుచూసే
మీ అమ్మ,
కిష్టమ్మ.